అయిదు గంటల బోస్టన్

ఓర్విల్ టోలెఫ్సన్ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, నలభై ఆరు ఆవుల పాలు పితికి, ఏడు గంటలకు వంటింట్లో కాలు పెట్టేసరికి బల్ల మీద ఉండాల్సిన కాఫీ లేదు. బోస్టన్ ఉంది.

బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకున్న పాత పటం అది. మడతలన్నీ చిరిగి, అతుకుల మీద అతుకులు పడి, సగం ఊరు టేపు కింద ఉంది. పంచదార గిన్నె సముద్రంలో తేలుతోంది. ఉప్పు సీసా ఓడరేవులో ఆగింది. వెర్నా కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని, చెవిలో పెన్సిలు దోపుకుని, తెల్లారితే కోట పట్టబోయే సేనాపతిలా వంగి చూస్తోంది.

“నా కాఫీ ఏ వీధిలో ఉంది?” అన్నాడు ఓర్విల్.

“పొయ్యి మీద. నీకు కాళ్ళు రెండు, చేతులు రెండు ఉన్నాయి. నిన్ననే లెక్కపెట్టాను.”

ఓర్విల్ కాఫీ పోసుకుని, కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు.

“ఏడు రోజులు,” అంది వెర్నా తలెత్తకుండా. “మార్చిలో బడికి సెలవులిచ్చే వారం. మన జోడీకి బడి బస్సు నడిపే పని ఉండదు. ఇక్కడికొచ్చి ఉండి ఆవుల్ని తనే చూసుకుంటానంది. బోస్టన్‌లో గది కూడా మాట్లాడేశాను. కిటికీలోంచి చర్చి గోపురం కనిపిస్తుందట.”

“మార్చిలోనా? ఆరు ఆవులు ఈనాలి!”

“అంటావనుకున్నాను.” వెర్నా పెన్సిలు తీసి కాగితం మూల ఒక గీత గీసింది. “జనవరి అంటే గొట్టాలు గడ్డకడతాయన్నావు. మే అంటే మొక్కజొన్న. జూన్ అంటే గడ్డికోత. సెప్టెంబరులో పశువుల మేత పాతర వెయ్యాలి, నవంబరులో జింకల వేట. ఇవాళ్టితో పన్నెండు నెలలూ అయిపోయాయి. ఇంక పదమూడో నెల కనిపెట్టు.”

విస్కాన్సిన్‌లో పాడి ఉన్నవాడికి సెలవు చేపకు గొడుగు లాంటిది. ఆవు పొద్దునా సాయంత్రమూ పితకమంటుంది. పండగైనా అంతే, పెళ్ళైనా అంతే. కూతురు జోడీ పెళ్ళి విందులో కూడా ఓర్విల్ సాయంత్రం నాలుగింటికి లేచి, కోటు మీదే పనిబట్టలు తొడుక్కుని, పాలు పితికి, ఎనిమిదింటికి డాన్సు వేళకు తిరిగొచ్చాడు. ఎవరూ వింతగా చూడలేదు. ఆ ప్రాంతంలో పెళ్ళి డాన్సులు ఎనిమిదింటికి పెట్టేదే అందుకు. ఓర్విల్ మాత్రం ఆ కథ ఇప్పటికీ చెబుతాడు. ఆ సాయంత్రం డచెస్ అనే ఆవు అతని కోటుకున్న గులాబీని నమిలేసిందనీ, వారం రోజులు గులాబీ వాసనతో పాలిచ్చిందనీ, ఆ పాలతో చేసిన చీజ్ తిన్న ముసలమ్మ ఒకతె మళ్ళీ పెళ్ళి చేసుకుందనీ. అతని కథల్లో పాలెన్నో నీళ్ళెన్నో ఊరందరికీ తెలుసు. తెలిసే పోయించుకునేవారు.

వెర్నా బోస్టన్ పిచ్చి మాత్రం కథ కాదు. ఆ జిల్లాలో రోడ్లన్నీ దారం పట్టి గీసినట్టుంటాయి. మైలుకొక అడ్డరోడ్డు. పొరుగువాడు బండెక్కితే రెండు మైళ్ళ అవతలే దుమ్ము కనిపిస్తుంది. అతను వచ్చేలోపు కాఫీ కాచుకుని, అతని భార్య గురించి చెప్పుకోవాల్సినవన్నీ చెప్పుకోవచ్చు. వెర్నా చదివిన ఒంటిగది బడిలో గోడకు ఈ పటం వేలాడేది. ఎనిమిదేళ్ళ వెర్నా ఆ వంకర వీధుల్ని చూసి, “పంతులమ్మగారూ, ఇక్కడ నడిచేవాళ్ళకి ముందేముందో ఎలా తెలుస్తుంది?” అనడిగింది. “మలుపు తిరిగితేగాని తెలియదమ్మా” అంది ఆవిడ. ముందేముందో తెలియకుండా నడవొచ్చన్న సంగతి ఆ పిల్ల బుర్రలో అలా ఉండిపోయింది. బడి మూసేసిన ఏడు పంతులమ్మ పటాన్ని చుట్టి ఆమె చేతిలో పెట్టింది. ఇప్పుడు వెర్నాకు అరవై తొమ్మిదేళ్ళు. ఎడమ మోకాలు చలికాలమంతా మొరాయిస్తోంది. మలుపు తిరగాలంటే ఈ ఏడే తిరగాలి. పై ఏటికి ఆ మోకాలు ఎవరి మాటా వినదు.

“మొదటి రోజు కామన్‌కి,” అని చదివింది వెర్నా. “ఊరి మధ్య ఉమ్మడి బయలు. ఒకప్పుడు ఊరివాళ్ళ ఆవులు అక్కడే మేసేవి.”

కప్పు ఓర్విల్ మూతి దగ్గర ఆగింది. “పట్నం మధ్యలో ఆవులా?”

“డెబ్బైకి మించి మేపకూడదని కట్టడి కూడా ఉండేదట.”

“ఎన్నెకరాలు?”

“యాభై.”

“యాభై ఎకరాల్లో డెబ్బై ఆవులా! జులై వచ్చేసరికి మట్టి నాకాలి. నీళ్ళో?”

“చెరువుంది.”

“మరి పాలు? అక్కడే పితికేవాళ్ళా, ఇళ్ళకు తోలుకెళ్ళా?”

“నాకేం తెలుసు? వెళ్ళి కనుక్కుందాం. ఆ ఆవులు తొక్కిన దారులే వీధులయ్యాయని చెబుతారు. అందుకే అన్ని వంకరలట.”

“ఎవడు చెప్పాడు నీకు? ఆవు వంకరగా నడవదు. నీళ్ళ వాసన తగిలితే తిన్నగా పోతుంది. వంకరగా నడిచేది మనిషి, అదీ సారాకొట్టు నుంచి వచ్చేటప్పుడు.”

వెర్నా నవ్వింది. రెండో రోజు ఎర్ర ఇటుకల బాట వెంట, మూడో రోజు పాత చర్చి, నాలుగో రోజు ఓడలు, అలా చదువుకుంటూ పోయింది. ఏడో రోజు ఎదురుగా ‘తప్పిపోవడానికి’ అని మాత్రమే రాసుంది. ఓర్విల్ కూడా నవ్వబోయాడు. అంతలో కొట్టంలోంచి ఏదో ఆవు అరిచింది. అతను కప్పు కింద పెట్టేశాడు.

“నువ్వూ జోడీ వెళ్ళిరండి. ఆవుల్ని నేను చూసుకుంటా.”

“జోడీ ఆవుల్ని చూస్తుంది ఓర్విల్. వెళ్ళేది నువ్వూ నేనూ.”

“కుదరదు.”

“ఏం కుదరదు?” అంది జోడీ గుమ్మంలోంచి. పొద్దుటి బస్సు పని ముగించుకుని, బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికొచ్చింది. నలభై ఏళ్ళ మనిషి. వెనక కూర్చున్న అరవై మంది పిల్లల్ని అద్దంలో ఒక్క చూపుతో నోరు మూయించగలదు. తండ్రి ఒక్కడే ఆ చూపుకు లొంగడు.

“మార్చిలో ఆరు ఆవులు ఈనాలే,” అన్నాడు ఓర్విల్.

“నేను పుట్టిందే ఈ కొట్టం పక్కన. దూడని లాగడం నాకు తెలియదా?”

“పాల ట్యాంకు చల్లబరిచే మిషను పాతది.”

“నాకంటే రెండేళ్ళు చిన్నది. నాన్నా, నెపం ఆవుల మీదా మిషన్ల మీదా పెట్టకు. నన్ను నమ్మవు, అంతే. ఆ మాట నోటితో అను, విని పోతాను.”

“అది కాదే పిల్లా...”

“మరేంటి? ఆ ట్యాంకేగా?”

ఇరవై నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది.

జోడీకి పదహారేళ్ళప్పుడు ఓర్విల్ తల్లి పోయింది. పక్క జిల్లాలో అంత్యక్రియలు. ఓర్విల్, వెర్నా ఒక రాత్రి అక్కడే ఉండాల్సొచ్చింది. ఆ పూట పాలు జోడీ ఒక్కతే పితికింది. బయల్దేరిన రోజే ఒక ఆవుకు పొదుగువాపు వస్తే ఓర్విల్ మందు ఎక్కించాడు. మందు పడిన ఆవు వెనక కాలికి ఎర్ర పట్టీ కడతారు. పట్టీ ఉన్న ఆవు పాలు వేరే క్యానులో పట్టి పారబోయాలి. ఆ పాలు ట్యాంకులో కలిసిపోయాయి. మర్నాడు పాల లారీ వచ్చి నమూనా పరీక్ష చేస్తే మందు బయటపడింది. ట్యాంకు మొత్తం తూము తెరిచి వదిలేశారు. కొట్టం వెనక గుంటంతా తెల్లబడింది. జోడీ మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఓర్విల్ మాత్రం లారీ డ్రైవరుతోనూ, దాణా కొట్టులోనూ, చర్చిలోనూ ఒకటే మాట చెప్పాడు: “పిల్ల తప్పు కాదు. పట్టీ కట్టడం నేనే మరిచాను.” ఊరందరి కళ్ళూ చెమ్మగిల్లాయి. తండ్రంటే అలా ఉండాలన్నారు.

“నాన్నా, ఆ రోజు తప్పు నీ మీద వేసుకుని నన్ను కాపాడావు,” అంది జోడీ. “ఊరు నిన్ను మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను. కానీ ఆ తర్వాత ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట నా చేతికి కొట్టం వదల్లేదు. అంతకంటే నాలుగు చీవాట్లు పెట్టుంటే నాకు హాయిగా ఉండేది. ఇప్పుడు చూడు, నా మూలంగా అమ్మ కూడా ఇల్లు కదల్లేకపోతోంది.”

“నేను కదుల్తాను,” అంది వెర్నా నెమ్మదిగా. “ఎవరొచ్చినా రాకపోయినా కదుల్తాను. నలభై నాలుగేళ్ళలో ఈయన గురక వినకుండా పడుకోవడం మొదటిసారి అవుతుంది. నిద్ర పట్టకపోతే కిటికీలోంచి గోపురం చూస్తాను.”

కోపంగా అనుంటే ఓర్విల్ ఏదో ఒక కోత కోసి తప్పించుకునేవాడే. ఆమె కోపంగా అనలేదు. అతను కుర్చీ లాక్కుని, బోస్టన్ ఓడరేవు పక్కన మోచేతులు ఆనించి కూర్చున్నాడు.

“కట్టలేదు,” అన్నాడు.

“ఏంటి?”

“పట్టీ. నేను కట్టలేదు. అమ్మ పోయిందని ఫోనొచ్చింది. చేతిలో ఉన్న పట్టీ జేబులో కుక్కుకుని పరిగెత్తాను. సమాధి దగ్గర చేతిరుమాలు తీద్దామని జేబులో చెయ్యి పెడితే అది చేతికొచ్చింది. అప్పటికే నువ్వు పాలు పితికేసి ఉంటావు.”

జోడీ ఎదురుగా ఉన్న కుర్చీలో కూలబడింది.

“నేనూరంతా చెప్పింది నిజమే పిల్లా. పుట్టి బుద్ధెరిగాక ఒక్క నిజం చెప్పాను, ఒక్కడు నమ్మలేదు. పట్టీ తీసి చూపిస్తే భుజం తట్టి, ‘నీ మనసు వెన్నరా ఓర్విల్’ అన్నారు. నువ్వు కూడా ఏడుస్తూ వచ్చి వాటేసుకున్నావు. మొదట్లో గట్టిగానే చెప్పాను. తర్వాత...” అతను పటం మీద లేని దుమ్మును వేలితో తుడిచాడు. “తర్వాత ఆ మెప్పు తియ్యగా అనిపించింది. చెప్పడం మానేశాను.”

“ఇరవై నాలుగేళ్ళు నాన్నా!” జోడీ బల్ల మీద అరచేత్తో కొట్టింది. పంచదార గిన్నె సముద్రంలో ఎగిరి పడింది. “ఇప్పటికీ కొట్టంలోకి వస్తే ప్రతి ఆవు కాలూ రెండేసి సార్లు తడుముతాను తెలుసా? పట్టీ నా కంటికి కనపడలేదేమోనని! బస్సులో కూడా పిల్లలందరూ దిగాక ప్రతి సీటు కిందా రెండుసార్లు చూస్తాను. నా కళ్ళ మీద నాకే నమ్మకం పోగొట్టావు!”

“తెలుసు.”

“మరి తప్పు నీదైనప్పుడు నన్నెందుకు రానివ్వవు?”

“నిన్నని ఎవరన్నారే? నమ్మనిది నన్ను.” ఓర్విల్ తన బట్టతల మీద తట్టుకున్నాడు. “ఆ నలభై ఆరింటి సంగతులన్నీ ఇందులో ఉన్నాయి. వెళ్తూ వెళ్తూ ఏదో ఒకటి చెప్పడం మరిచిపోతాను. అది నువ్వు మళ్ళీ నీ నెత్తినేసుకుంటావు. నేనిక్కడే ఉంటే ఎవరికీ ఏదీ చెప్పక్కర్లేదు.”

జోడీ చివాలున లేచి బయటికి పోయింది. బండి కదిలిన చప్పుడు మాత్రం రాలేదు. కిటికీలోంచి చూస్తే, చలిలో బండి తలుపు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఓర్విల్ లేవబోతే వెర్నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

“ఏడవనీ. ఆ ఏడుపు దానికి బాకీ ఉంది.”

పావుగంటకు ముక్కు ఎర్రబడ్డ జోడీ తిరిగొచ్చింది. తండ్రి మొహం చూడకుండా తల్లితో అంది: “కాగితముందా?”

వెర్నా తన పుస్తకంలోంచి నాలుగు కాగితాలు చింపి ఓర్విల్ ముందు పెట్టింది. పెన్సిలు చేతికిచ్చింది. “నా ఏడు రోజులూ నేను రాసుకున్నాను. నీ నలభై ఆరు ఆవుల్నీ నువ్వు రాయి. తలకాయలోది కాగితం మీద పెడితే మరిచిపోయే భయం కాగితానికుంటుంది, నీకుండదు.”

ఓర్విల్ అయిదు రోజులు రాశాడు. నాలుగు కాగితాలు పదకొండయ్యాయి. మొదటి పేజీ పైన ‘మందు వేసిన ఆవులు, పట్టీలు’ అని పెద్దక్షరాలతో రాసి, కింద రెండు గీతలు గీశాడు. పెట్రా అనే ఆవు దగ్గరికి కుడివైపు నుంచి వెళ్ళకూడదు. మార్లీస్‌కు రేడియోలో వార్తలు గిట్టవు, పాటలే పెట్టాలి. పద్దెనిమిదో నంబరుది మూడో చన్ను ఆలస్యంగా చేపుతుంది, యంత్రం తొందరగా తియ్యకూడదు. రాస్తూ రాస్తూ చెయ్యి పాత దారి పట్టేది. వెర్నా సాయంత్రం కళ్ళజోడు పెట్టుకుని దిద్దేది.

“తొమ్మిదో నంబరు ఆవు ఆదివారం చర్చి గంట వినిపిస్తే గాని పాలివ్వదని రాశావు.”

“అది నిజమే!”

“ఇరవై రెండోది జోడీ పెళ్ళిలో ఏడ్చిందని కూడా రాశావు. అప్పటికి దాని అమ్మమ్మ కూడా పుట్టలేదు.”

“సరే, కొట్టెయ్.”

జోడీ రోజూ వచ్చేది. తండ్రితో పొడిగా మాట్లాడేది. కాగితం పట్టుకుని ఒక్కొక్క ఆవు దగ్గరా నిలబడి, “ఇది?” అని అడిగేది. అతను చెప్పేవాడు. మూడో రోజు ఒకచోట ఆగి, “ఇది కథా, నిజమా?” అని అడిగింది. అతను నిజమన్నాడు. ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసి, పేజీ తిప్పింది. క్షమించానని అనలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం అతని టోపీ చెవుల మీదికి లాగింది, చలిలో చిన్నపిల్లలకు లాగినట్టు.

శనివారం ఆమె షరతు పెట్టింది. “మార్చి దాకా ఆగను. ఇవాళ సాయంత్రం నేనొక్కదాన్నే పితుకుతాను. నువ్వు వంటింట్లో కూర్చో. అడుగు బయటపెట్టావంటే బోస్టన్ లేదు, నేనూ లేను.”

అయిదు గంటలైంది. కొట్టంలో పాలు పితికే యంత్రం గుర్రుమనడం మొదలుపెట్టింది. ఓర్విల్ వంటింటి కుర్చీలో, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. చెవులు మాత్రం కొట్టంలోనే ఉన్నాయి. యంత్రం ఒకచోట దగ్గితే లేవబోయాడు. వెర్నా చూసింది. కూర్చున్నాడు. ఆ ఇంట్లో నలభై నాలుగేళ్ళు కాపురం చేసినా, సాయంత్రం అయిదింటికి పడమటి కిటికీలోంచి ఎండ వచ్చి ఎదుటి గోడంతా నారింజరంగు పూస్తుందని అతనికి తెలియదు. తెలిసే వీల్లేదు. ఆ వేళకు అతనెప్పుడూ ఆవుల పక్కనే.

వెర్నా పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని, పటం పరిచింది. అతనున్నాడన్న సంగతి మరిచిపోయినట్టే, ఒక చోట చూపుడువేలు ఆనించింది. వేలు కదిలింది. వీధి వెంట మెల్లగా, మనిషి నడిచినంత మెల్లగా. పెదవులు కదుపుతూ తనలో తను చెప్పుకుంటోంది: “ఇక్కడ రొట్టెల కొట్టు ఉంటుంది... ఉండాలి. వాన వచ్చేలా ఉంది. ఎడమకు...” మలుపు దగ్గర వేలు ఆగింది. ఆమె ఊపిరి కూడా ఆగింది. తర్వాత తిరిగింది. మొహంలో చిన్న వెలుగు.

ఓర్విల్ వంగి చూశాడు. వీధుల పొడవునా పెన్సిలు చుక్కలున్నాయి, గసగసాలు చల్లినట్టు. కొన్నిచోట్ల కాగితం బూడిదరంగుకు తిరిగింది.

“ఇవేంటి?”

“ఏ రోజు ఎక్కడ ఆగానో గుర్తు. మర్నాడు అక్కణ్ణుంచి నడుస్తాను.”

“ఎన్నాళ్ళనుంచి?”

“జోడీ బళ్ళో చేరిన ఏడు మొదలెట్టాను.”

ఓర్విల్ మనసులో లెక్క వేసుకున్నాడు. లెక్క తేలలేదు, చుక్కలు అన్నున్నాయి. “నాకెప్పుడూ చెప్పలేదేం?”

“అయిదింటికి నువ్వెప్పుడూ ఇక్కడ లేవుగా.” దెప్పుడు లేదు అందులో. గోడమీద ఎండ ఉందన్నట్టు చెప్పింది.

తను ఊరందరికీ కథలు చెప్పుకుంటూ తిరిగిన ముప్ఫై నాలుగేళ్ళలో, కొట్టానికీ ఇంటికీ మధ్య యాభై అడుగుల దూరంలో, తన భార్య ఒక నగరమంతా కాలినడకన తిరిగింది.

“ఒక్కదానివేనా?” అన్నాడు.

“ఒక్కదాన్నే ఎక్కడ? నిన్నూ తీసుకెళ్ళేదాన్ని. వద్దన్నా వచ్చేవాడివి. అక్కడ కూడా దారిన పోయేవాళ్ళని ఆపి కథలు చెప్పి విసిగించేవాడివి.”

ఓర్విల్ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తుడవాల్సింది అద్దాలు కాదని ఇద్దరికీ తెలుసు. తర్వాత కుర్చీ ఇటు జరుపుకుని, ఆమె వేలి పక్కన తన వేలు పెట్టాడు. చన్నులు పితికి పితికి కాయలు కాచిన లావాటి వేలు. దాని కింద రెండు వీధులు పూర్తిగా మునిగిపోయాయి.

“ఇప్పుడెక్కడున్నాం?”

“నది ఒడ్డున. వంతెన దాటితే కొండ మీద రాతి స్తంభం. లోపల రెండొందల తొంభై నాలుగు మెట్లు.”

“నీ మోకాలితోనా!”

“నేను కింద కూర్చుంటాను. నువ్వెక్కి, పైనుంచి ఏం కనిపించిందో వచ్చి చెప్పు.”

“చెబితే నమ్ముతావా?”

“ఈసారికి ఉన్నదున్నట్టు చెప్పు. నమ్ముతాను.”

గోడమీద నారింజరంగు పైకప్పు దాకా పాకి ఆరిపోయింది. వెర్నా దీపం వేసింది. కొట్టంలో యంత్రం ఎప్పుడాగిందో ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. తలుపు తోసుకుని, చలిగాలితోపాటు జోడీ లోపలికొచ్చింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. చేతిలో పదకొండు కాగితాలు, అన్నిటి మీదా పాల మరకలు.

“నాన్నా, నలభై ఆరూ అయ్యాయి,” అంది, ప్రశ్నల వర్షానికి సిద్ధపడి.

“ఉండవే,” అన్నాడు ఓర్విల్ తలెత్తకుండా. “మేమింకా వంతెన దాటలేదు.”

జోడీ బూట్లు విప్పడం మరిచిపోయి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె పుట్టాక మొదటిసారి, తండ్రి ఆవుల సంగతి అడగలేదు.